ఒక్క శాతం ప్రొపేన్‌తో మీథేన్ హైడ్రేట్ ఎందుకు మారిపోతుంది?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హైడ్రేట్ అంటే నీటి అణువులు గదులున్న పంజరంలా అల్లుకుని, మీథేన్ లాంటి అతిథి అణువుల్ని లోపల బంధించిన మంచులాంటి స్ఫటికం. 300 మిల్లీలీటర్ల ప్రెషర్ సెల్‌లో 50 మిల్లీలీటర్ల నీరు పోసి, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర మీథేన్ హైడ్రేట్ చేస్తున్నారు. పాత సిలిండర్‌తో 30 బార్ల దగ్గర ఏమీ ఏర్పడేది కాదు, 39 దాటితేనే కదలిక ఉండేది. కొత్త సిలిండర్ సర్టిఫికెట్‌లో ప్రొపేన్ 1 శాతం అని ఉంది. దాంతో 30 బార్లకే స్ఫటికాలు వచ్చాయి, కానీ పీడనం ఒక బార్ కూడా పడకముందే ఆగిపోయింది. లేజర్ కాంతితో అణువుల కంపనాల్ని చూసే రామన్ స్పెక్ట్రమ్‌లో 2905, 2915 దగ్గరి రెండు మీథేన్ శిఖరాల ఎత్తులు తారుమారయ్యాయి. పోలిక కోసం టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రవం)తో చేసిన హైడ్రేట్ 4.4 డిగ్రీల దగ్గర కరగాల్సింది పోయి, సున్నా కింద నుంచే కరగడం మొదలుపెట్టింది. పంజరం నీటిదే అయినప్పుడు లోపలి అతిథి మారినంత మాత్రాన దాని గుణం ఎందుకు మారుతుందన్నది అసలు సందేహం.

మీ పరికరాల్లో లోపం ఉన్నట్టు లేదు. ఈ నాలుగు పరిశీలనలూ ఒకదానితో ఒకటి సరిగ్గా పొసుగుతున్నాయి. సరిచేసుకోవాల్సింది "పంజరం నీటిదే" అన్న ఊహని. హైడ్రేట్‌లో ఇల్లు ముందే కట్టి ఉండి అతిథి వచ్చి దిగడం అనేది లేదు. అతిథి ఉంటేనే ఇల్లు నిలబడుతుంది. ఏ ప్లాన్‌తో కట్టాలో, ఎంత పీడనం కావాలో, ఎక్కడ కరగాలో కూడా అతిథి కొలతలే తేలుస్తాయి.

అతిథిని తీసేస్తే ఏమవుతుందో ప్రయోగంగా చూసినవాళ్లున్నారు. 2014లో ఫాలెంటీ, హాన్సెన్, కూస్ నియాన్ హైడ్రేట్‌ని 140 కెల్విన్ చుట్టూ ఉంచి, వాక్యూమ్ పంపుతో రోజుల తరబడి లాగి నియాన్ మొత్తాన్ని బయటికి తీశారు. మిగిలిన ఖాళీ పంజరాన్నే ఇప్పుడు ఐస్-16 అంటున్నాం. అది 145 కెల్విన్ దాటితే నిలబడదు, అంటే సుమారు మైనస్ 128 డిగ్రీలు. మీరు పనిచేసే ఉష్ణోగ్రతల్లో ఖాళీ పంజరం అన్నది కాగితం మీది లెక్కలో తప్ప ఉండదు. అదే ప్రయోగంలో ఇంకొకటి బయటపడింది. తక్కువ ఉష్ణోగ్రతల్లో ఖాళీ పంజరం జాలక పరిమాణం (స్ఫటికంలో పదే పదే వచ్చే యూనిట్ కొలత) నియాన్ నిండిన దానికంటే కొంచెం పెద్దగా ఉంది. అతిథి లోపలి నుంచి గోడల్ని బయటికి తోస్తుందని మనం అనుకుంటాం. కానీ నియాన్ లాంటి చిన్న అతిథి గోడల్ని తనవైపు లాక్కుంటుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నీటి హైడ్రేట్లలో ప్రధానమైనవి మూడు నిర్మాణాలు. ఎస్-1లో 46 నీటి అణువులకు 8 గదులు. వాటిలో పన్నెండు పంచభుజి ముఖాలున్న చిన్న గదులు 2, వాటికి అదనంగా రెండు షడ్భుజి ముఖాలున్న పెద్ద గదులు 6. ఎస్-2లో 136 నీటి అణువులకు చిన్న గదులు 16, నాలుగు షడ్భుజి ముఖాలున్న ఇంకా పెద్ద గదులు 8. ఎస్-హెచ్‌లో 34 నీటి అణువులకు మూడు రకాల గదులు ఉంటాయి, అందులో ఒకటి చాలా పెద్దది. ఎస్-హెచ్ మీ ప్రయోగంలో రాదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఖాళీ ఎస్-2 పంజరం మంచుకంటే మోల్ నీటికి సుమారు 0.9 కిలోజౌళ్లు ఖరీదు. ఎస్-1 అయితే సుమారు 1.3. ఈ ఖర్చుని అతిథులు చెల్లించాలి. 1959 నాటి వాన్ డెర్ వాల్స్–ప్లాటీవ్ సిద్ధాంతం ఆ చెల్లింపుని ఇలా లెక్కగడుతుంది: ఒక నీటి అణువు వాటాకి ఎన్ని గదులొస్తాయో ఆ భిన్నాన్ని, ఖాళీగా మిగిలిన గదుల భిన్నం లాగరిథమ్‌తో గుణించాలి. దాన్ని వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో గుణించాలి. 273 కెల్విన్ దగ్గర ఆ లబ్ధం 2.27 కిలోజౌళ్లు. రుణ గుర్తు తీసేసి విలువ మాత్రమే చూద్దాం.

టీహెచ్ఎఫ్‌తో చేసి చూడండి. అది పెద్ద గదుల్లోకి మాత్రమే వెళ్తుంది, చిన్నవి ఖాళీ. ఒక్కో నీటి అణువు వాటాకి వచ్చేది పెద్ద గదిలో 17వ వంతు. 0.9ని 17తో గుణించి 2.27తో భాగిస్తే 6.7 వస్తుంది. అంటే ఖాళీ గదుల భిన్నం సుమారు 0.0012. వెయ్యి పెద్ద గదుల్లో ఒక్కటి మాత్రమే ఖాళీగా ఉండొచ్చు, అంతకు మించితే మంచు ముందు ఈ పంజరం నిలవదు. టీహెచ్ఎఫ్ నిష్పత్తి ఎందుకంత కచ్చితంగా ఉండాలో ఈ అంకె చెబుతుంది.

మీథేన్ ఎస్-1కి అదే లెక్క వేయండి. పెద్ద గదులు 97 శాతం, చిన్నవి 87 శాతం నిండితే చెల్లింపు 1.24 కిలోజౌళ్లు వస్తుంది, దాదాపు సరిపోయినట్టే. ఆ నిండుదనంతో ఒక మీథేన్‌కి 6.1 నీటి అణువులు వస్తాయి. గదులన్నీ నిండితే 5.75 రావాలి, ప్రయోగాల్లో 6 చుట్టూ వస్తుంది. రిపోర్టులో 5.75ని కళ్లు మూసుకుని వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఆదర్శ అంకె, కొలిచినది కాదు.

ప్రొపేన్ సంగతికి వస్తే, ఇక్కడ అతిథి వ్యాసానికీ గది వ్యాసానికీ మధ్య నిష్పత్తే అసలు సూచిక. ఆంగ్‌స్ట్రామ్‌లలో మీథేన్ 4.36, ఈథేన్ 5.5, ప్రొపేన్ 6.28, కార్బన్ డయాక్సైడ్ 5.12. నీటి అణువుల మందం తీసేశాక ఎస్-1 చిన్న గది 5.1, పెద్ద గది 5.86. ఎస్-2 చిన్న గది 5.02, పెద్ద గది 6.66. నిష్పత్తి 0.76కి తగ్గితే అతిథి గదిలో వదులుగా పడి ఉంటుంది, గోడలకి పెద్దగా బలం ఇవ్వదు. 1 దాటితే అసలు పట్టదు. మీథేన్‌కి ఎస్-1 చిన్న గదిలో 0.855, పెద్ద గదిలో 0.744, ఎస్-2 పెద్ద గదిలో 0.655. అందుకే మీథేన్ ఒక్కటే ఉన్నప్పుడు ఎస్-1నే ఎంచుకుంటుంది. అక్కడ కూడా పెద్ద గదిని నింపడానికి పీడనం గట్టిగా కావాలి.

ప్రొపేన్‌కి ఎస్-2 పెద్ద గదిలో నిష్పత్తి 0.94. అచ్చు పోసినట్టు సరిపోతుంది. ఎస్-1లోని ఏ గదిలోనూ అది పట్టదు. కాబట్టి కాస్త ప్రొపేన్ వచ్చినా ఎస్-2 పెద్ద గదుల ఖర్చు అది చెల్లించేస్తుంది. పక్కనున్న చిన్న గదుల్లోకి మీథేన్ 0.87 నిష్పత్తితో హాయిగా సర్దుకుంటుంది. ఇద్దరూ కలిసి ఇంటిని చవగ్గా నిలబెడతారు. 1 శాతం ప్రొపేన్‌తో హైడ్రేట్ ఏర్పడే పీడనం దాదాపు సగానికి పడిపోవడం 1940ల నుంచే తెలిసిన విషయం. మీరు 30 బార్ల దగ్గర స్ఫటికాలు చూడటంలో వింతేమీ లేదు.

ఇంతకన్నా విచిత్రమైనది మీథేన్, ఈథేన్ జంట. విడివిడిగా రెండూ ఎస్-1 ఇస్తాయి. కలిపితే, వాయువులో మీథేన్ సుమారు 72 నుంచి 99 శాతం మధ్య ఉన్నంత మేరా ఎస్-2 వస్తుంది. ఈథేన్ ఎస్-1 పెద్ద గదిలో సరిగ్గా పడుతుంది నిజమే, కానీ మీథేన్ ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న గదులు ఎక్కువున్న ప్లాన్ లాభం. ఎస్-2లో చిన్న గదులు పెద్దవాటికి రెట్టింపు, ఎస్-1లో మూడో వంతు మాత్రమే. అతిథుల మిశ్రమం ఏ ప్లాన్ కోరుకుంటుందో విడివిడి వాయువుల ప్రవర్తన చూసి చెప్పేయలేం. సహజ వాయువు గొట్టాల్లో సాధారణంగా ఎస్-2 రావడానికి కారణం కూడా ఇదే.

ఇక పీడనం ఎందుకు ఆగిపోయిందన్నది. అడిగిన నాలుగింటిలో ఎక్కువ నేర్పేది ఇదే కాబట్టి అంకెలు వేసి చూద్దాం. 250 మిల్లీలీటర్ల ఖాళీలో 30 బార్ల వాయువు, 277 కెల్విన్ దగ్గర, ఆదర్శ వాయువు నుంచి ఉన్న తేడాని కలుపుకుంటే సుమారు 0.35 మోల్. అందులో ప్రొపేన్ 0.0035 మోల్. నీరు 50 గ్రాములంటే 2.78 మోల్. అది మొత్తం ఎస్-2గా మారాలంటే 17తో భాగించి 0.163 మోల్ పెద్ద గదులు నిండాలి. పెద్ద గదులన్నిటినీ ప్రొపేనే నింపితే మీ దగ్గరున్న ప్రొపేన్ నీటిలో 2 శాతానికి సరిపోతుంది, ఒక గ్రాము నీటికి. కొన్ని పెద్ద గదుల్ని మీథేన్ పంచుకుంటే మరికాస్త జరుగుతుంది, అంతే. ఆ ఒక గ్రాముకి ఖర్చయ్యే మొత్తం వాయువు 0.0105 మోల్, అంటే 3 శాతం, అంటే 0.9 బార్. మీరు చూసింది సరిగ్గా అదే.

ఇంకో మాట. ప్రొపేన్ చివరి చుక్కదాకా ఖర్చు కాదు. వాయువులో ప్రొపేన్ తగ్గుతున్న కొద్దీ సమతుల్య పీడనం పెరుగుతూ పోతుంది. అది మీ సెల్ పీడనాన్ని అందుకున్న క్షణం పెరుగుదల ఆగుతుంది. మిగిలిన దాదాపు స్వచ్ఛ మీథేన్‌కి 39 బార్లు కావాలి, మీ దగ్గర 29 ఉన్నాయి. "నీటిపైన హైడ్రేట్ పొర అడ్డుపడి ఆగిందేమో, స్టిర్రర్ వేగం పెంచుదాం" అనుకుంటే రోజులు వృథా. పొర అడ్డుపడటం నిజమైన సమస్యే, కానీ అప్పుడు పీడనం చాలా మెల్లగా అయినా దిగుతూనే ఉంటుంది. మీ గ్రాఫ్ చదునుగా అయిపోయిందంటే అది సమతుల్యం.

రెగ్యులేటర్ తెరిచి ఉంచి సిలిండర్ నుంచి నిరంతరం వాయువు ఇస్తే సరిపోతుందా? సరిపోదు. లోపలికి వచ్చేది 1 శాతం ప్రొపేన్. హైడ్రేట్ పట్టుకునే వాయువులో ప్రొపేన్ వాటా, పెద్ద గదులన్నీ నింపితే, 24 గదుల్లో 8, అంటే 33 శాతం. తేడా అంతా మీథేన్‌గా సెల్‌లో పేరుకుంటుంది. పీడనాన్ని 50 బార్లకు పెంచితే ఇంకో చిక్కు: ముందు ఎస్-2 వస్తుంది, ప్రొపేన్ అయిపోయాక దాని పక్కనే ఎస్-1 మొదలవుతుంది. ఆ మిశ్రమాన్ని ఒకే హైడ్రేట్‌గా రిపోర్టు చేస్తే అంకెలన్నీ తప్పే.

వాయువు సంఘటనం నిలకడగా ఉండాలంటే నీటిని తగ్గించాలి. ఎంత తగ్గించాలో చూడండి: ప్రొపేన్‌లో పదో వంతు మాత్రమే ఖర్చు కావాలంటే మారే నీరు 0.1 గ్రాము. మీ సెల్‌కి అది ఆచరణలో కుదరదు. అందుకే మిశ్రమ వాయువులతో సమతుల్య బిందువు తీసేటప్పుడు ఏర్పడే దశని కాదు, కరిగిపోయే దశని చూడాలి. చివరి స్ఫటికం కరిగే క్షణానికి ప్రొపేన్ అంతా తిరిగి వాయువులోకి వచ్చేస్తుంది. నీటిలో కరిగే కొద్ది మొత్తం తప్ప సంఘటనం మీరు నింపినదే. మధ్యలో ఎంత తారుమారైనా ఆ ఒక్క బిందువు నమ్మదగినది. ఏర్పడుతుండగా నిండుదనమో పెరుగుదల రేటో కొలవాలనుకుంటే మాత్రం, పెరుగుదలకి ముందూ తర్వాతా వాయువు నమూనా తీసి గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో వేయక తప్పదు.

రామన్ శిఖరాలు. ఎస్-1లో మీథేన్‌కి పెద్ద గదిలో 2905 వేవ్‌నంబర్ల దగ్గర, చిన్న గదిలో 2915 దగ్గర గీత వస్తుంది. పెద్దవి చిన్నవాటికి మూడింతలు కాబట్టి ఎడమ శిఖరం ఎత్తుగా ఉండాలి. ఎస్-2లో స్థానాలు దాదాపు అవే, 2904, 2914. స్థానం చూసి నిర్మాణం చెప్పడం మామూలు స్పెక్ట్రోమీటర్‌తో కష్టం. ఎత్తులు చూసి చెప్పొచ్చు. మీ నమూనాలో పెద్ద గదులు ప్రొపేన్ చేతిలో ఉన్నాయి, మీథేన్ చిన్న గదుల్లో ఉంది. అందుకే కుడి శిఖరం పెరిగింది. నిర్ధారణకు 876 దగ్గర ప్రొపేన్ కార్బన్–కార్బన్ గీత కోసం చూడండి. వాయువులో అది 870 దగ్గర ఉంటుంది, హైడ్రేట్‌లో కొంచెం పైకి జరుగుతుంది. కార్బన్-13 ఘనస్థితి ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల్ని పరీక్షించే పరికరం) దగ్గరలో ఉంటే సందేహమే ఉండదు: పెద్ద గదిలోని మీథేన్ ఎస్-1లో మైనస్ 6 పీపీఎం చుట్టూ, ఎస్-2లో మైనస్ 8 చుట్టూ వస్తుంది. ఒక హెచ్చరిక: 2917 దగ్గర స్వేచ్ఛా వాయువు గీత ఉంటుంది. నమూనా రంధ్రాల్లో వాయువు చిక్కుకుని ఉంటే చిన్న గది శిఖరం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించి మోసం చేస్తుంది. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి వాయువు వదిలేశాక స్పెక్ట్రమ్ తీయండి.

ఇక టీహెచ్ఎఫ్. ఒక టీహెచ్ఎఫ్‌కి 17 నీటి అణువులు. బరువులో 19.06 శాతం. 50 గ్రాములకు టీహెచ్ఎఫ్ 9.53, నీరు 40.47. ఇది తూచి చేయాల్సిన పని, కొలజాడీతో కాదు. పైగా టీహెచ్ఎఫ్ మూత తీసిన నిమిషం నుంచే ఆవిరవుతుంటుంది. మీ చేతుల్లో జరిగింది బహుశా ఇదే. అర గ్రాము ఆవిరైందనుకుందాం. మిగిలిన 9.03 గ్రాములు 38.35 గ్రాముల నీటిని మాత్రమే పంజరంలో పెట్టగలవు. 2.12 గ్రాముల నీరు విడిగా మిగిలి, చల్లబరిచినప్పుడు మంచవుతుంది. వేడి చేసేటప్పుడు ఆ మంచూ హైడ్రేట్‌లో కొంతా కలిసి సున్నాకి కాస్త కిందే కరగడం మొదలుపెడతాయి. మిగిలిన హైడ్రేట్ మెల్లగా కరుగుతూ 4.4కి కొంచెం ముందే అయిపోతుంది. పదునైన మెట్టు రావాల్సిన చోట వాలు వస్తుంది. ఆ తొలి కరుగుడు కనిపించిందంటే టీహెచ్ఎఫ్ తక్కువైందని అర్థం, థర్మామీటర్‌ని అనుమానించే ముందు దీన్ని చూడండి. థర్మామీటర్‌ని మంచు-నీటి మిశ్రమంలో సరిచూడటం ఎలాగూ చేయాలి.

సరిగ్గా చేయాలంటే ముందు నీటిని సీసాలో తూచి, మంచు స్నానంలో చల్లబరచండి. టీహెచ్ఎఫ్‌ని సిరంజితో సెప్టమ్ (రబ్బరు మూత) గుండా ఎక్కించి, సీసా మొత్తాన్ని మళ్లీ తూచండి. పైన ఖాళీ తక్కువ వదలండి. హైడ్రేట్ చేసి కరిగించాక మూడోసారి తూచి, తేడా 50 గ్రాములకు 0.05 గ్రాము దాటితే ఆ నమూనా వదిలేయండి. 1 డిగ్రీ దగ్గర గంటల తరబడి ఏమీ జరక్కపోవచ్చు, అది సహజమే. గది ఉష్ణోగ్రత నుంచి దించి మైనస్ 5 దాకా తీసుకెళ్లండి, లేదా ద్రవ నైట్రోజన్‌లో ముంచిన సన్న తీగ కొసని ద్రవానికి తాకించండి. స్ఫటికం మొదలవగానే ఉష్ణోగ్రత ఎగిరి 4.4 దగ్గర నిలబడితే నిష్పత్తి బాగున్నట్టు. గ్రాముకి సుమారు 260 జౌళ్లు విడుదలవుతాయి కాబట్టి ఆ ఎగురుడు స్పష్టంగా కనిపిస్తుంది. టీహెచ్ఎఫ్‌ని ఇంటి ఫ్రిజ్‌లో గానీ ల్యాబ్‌లోని మామూలు ఫ్రిజ్‌లో గానీ పెట్టొద్దు. దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) మైనస్ 14 డిగ్రీలు, థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు. పాత సీసా అయితే పెరాక్సైడ్ స్ట్రిప్‌తో పరీక్షించకుండా వాడొద్దు.

టీహెచ్ఎఫ్ హైడ్రేట్‌లో చిన్న గదులన్నీ ఖాళీ అని చెప్పాను. ఆ ఖాళీలే దాని ఆసక్తికరమైన గుణం. పై నుంచి చిన్న వాయువుని ఒత్తిడితో ఎక్కిస్తే అది చిన్న గదుల్లో చేరి పంజరాన్ని ఇంకా బలపరుస్తుంది. హైడ్రోజన్‌ దీనికి గట్టి ఉదాహరణ: 280 కెల్విన్ దగ్గర స్వచ్ఛ హైడ్రోజన్ హైడ్రేట్‌కి 300 మెగాపాస్కల్ కావాలి. టీహెచ్ఎఫ్ తోడుంటే 5 మెగాపాస్కల్ చాలని 2004లో చూపించారు. అరవై రెట్ల తేడా, ఒక అతిథి ఇంకో అతిథి కోసం ఇల్లు నిలబెట్టడం వల్ల.

ఇక్కడ తరచూ జరిగే గందరగోళం ఒకటుంది. టీహెచ్ఎఫ్, మెథనాల్ రెండూ నీటిలో కలిసిపోయే చిన్న సేంద్రియ అణువులు. ఒకటి హైడ్రేట్‌ని నిలబెడుతుంది, ఇంకొకటి గొట్టాల్లో హైడ్రేట్ రాకుండా పోస్తారు. తేడా ఎక్కడుందంటే టీహెచ్ఎఫ్ గదిలో దూరుతుంది. దాని ఆక్సిజన్ అప్పుడప్పుడు గోడలోని ఒక హైడ్రోజన్‌ని క్షణం పాటు పట్టుకుని వదిలేస్తుంది తప్ప గోడని తెగ్గొట్టదు. మెథనాల్ బయట ద్రవంలోనే ఉండి నీటి అణువుల్ని తనవైపు కట్టేస్తుంది, ద్రవంలోని నీరు పంజరం కట్టడానికి రాదు. మెథనాల్ పని అంచనా వేయడానికి హామర్‌స్మిట్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. గొట్టాల్ని మూసేసేది మంచు కాదు హైడ్రేట్ అని 1934లో చూపినది ఆయనే. బరువు శాతాన్ని 1297తో గుణించండి. అణుభారాన్ని, 100లోంచి ఆ శాతాన్ని తీసేయగా మిగిలినదానితో గుణించి, దాంతో భాగించండి. 20 శాతం మెథనాల్‌కి 10 డిగ్రీలు తగ్గుతుంది, 20 శాతం ఇథిలీన్ గ్లైకాల్‌కి 5.2. ఈ సూత్రంలో అతిథి పేరే లేదని గమనించండి. నిరోధకం ద్రవం మీద పనిచేస్తుంది, అతిథి పంజరం మీద పనిచేస్తుంది. 1 శాతం ప్రొపేన్ పెంచే సమతుల్య ఉష్ణోగ్రతని వెనక్కి తేవడానికి అందుకే గణనీయంగా మెథనాల్ పోయాల్సి వస్తుంది.

మీ ప్రాజెక్టు కృష్ణా–గోదావరి బేసిన్ కోసమైతే ఈ భాగం ముఖ్యం. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం చేసిన ఎన్‌జీహెచ్‌పీ-01 యాత్రలో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక అక్కడి పదో సైట్‌లో పగుళ్లలో నిండిన సుమారు 128 మీటర్ల మందం హైడ్రేట్ పొరని తవ్వి చూసింది. అక్కడి వాయువు ప్రధానంగా సూక్ష్మజీవులు చేసిన మీథేన్, కాబట్టి నిర్మాణం ఎస్-1. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కొన్ని చోట్ల లోతు నుంచి వచ్చే చమురు వాయువులో ప్రొపేన్, బ్యూటేన్లు ఉండటంతో ఎస్-2, ఎస్-హెచ్ కూడా దొరికాయి. అదే సముద్రపు నీరు, అదే లోతు అయినా అతిథి వేరు కాబట్టి పంజరం వేరు. మీ కొత్త సిలిండర్ కృష్ణా–గోదావరికి పనికిరాదు, 99.99 శాతం మీథేన్ తెప్పించండి. ఇసుక, బంకమట్టి నమూనాల గట్టిదనం కొలవడానికి మీథేన్ బదులు టీహెచ్ఎఫ్ వాడటం మామూలే, పీడనం అక్కర్లేదు కాబట్టి. వాడొచ్చు, కానీ దాన్ని కృష్ణా–గోదావరి హైడ్రేట్ నమూనా అని రాయకూడదు. నిర్మాణం ఎస్-2, అతిథి నీటిలో కలిసిపోతుంది, కరిగినప్పుడు వాయువు బుడగ రాదు. అసలు హైడ్రేట్ ఒక ఘనపు మీటరు కరిగితే సుమారు 164 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. నేల కూలే ప్రమాదమంతా ఆ వాయువులోనే ఉంది.

కార్బన్ డయాక్సైడ్ పంపి మీథేన్ బయటికి తీసే ఆలోచన కూడా గదుల కొలతల దగ్గరే తేలుతుంది. 5.12 వ్యాసమున్న కార్బన్ డయాక్సైడ్ ఎస్-1 పెద్ద గదిలో బాగా పడుతుంది. 5.1 చిన్న గదిలో దాదాపు పట్టదు. ఎనిమిదింట్లో ఆరు గదులే మార్పిడికి దొరుకుతాయి. ఒట్టి కార్బన్ డయాక్సైడ్‌తో 64 శాతం మీథేన్, నైట్రోజన్ కలిపితే 85 శాతం బయటికి వచ్చిందని 2006లో ప్రచురించారు. నైట్రోజన్ 4.1 మాత్రమే కాబట్టి చిన్న గదుల్లోని మీథేన్‌ని కదపగలదు. 2012లో అలాస్కాలోని ఇగ్నిక్ సికుమి క్షేత్రప్రయోగంలో కూడా ఈ రెండు వాయువుల మిశ్రమాన్నే పంపారు.

చివరగా, కరిగే బిందువు కొలిచేటప్పుడు పాటించాల్సిన వేగం. గదిలో అతిథి అటూ ఇటూ ఊగుతూ జాలకం గుండా వెళ్లే కంపనాల్ని చెదరగొడుతుంది. అందుకే హైడ్రేట్ ఉష్ణవాహకత మీటరుకి, కెల్విన్‌కి సుమారు 0.5 వాట్లు, మంచుది 2.2. గోడ దగ్గరి థర్మోకపుల్ 5 డిగ్రీలు చూపిస్తున్నా గడ్డ మధ్యలో ఇంకా 4 ఉండొచ్చు. కాబట్టి ముందు గంటకి 1 డిగ్రీ చొప్పున వేడి చేసి, పీడనం గ్రాఫ్ ఏటవాలు మొదలెట్టే చోటికి 2 డిగ్రీల ముందు ఆపండి. అక్కడి నుంచి 0.1 డిగ్రీ మెట్లు, ఒక్కో మెట్టుకి 3 నుంచి 4 గంటలు, పీడనం నిలకడగా ఆగాకే తర్వాతి మెట్టు. కరిగే గీత, వాయువు మాత్రమే వ్యాకోచించే గీత కలిసే చోటే మీ బిందువు. థర్మోకపుల్ కొసని ద్రవంలో, నమూనా మధ్యలో ఉంచండి. రెండో ఆవృత్తికి ముందు నీటిని 30 డిగ్రీల పైన కొన్ని గంటలు ఉంచండి, లేకపోతే కరిగిన హైడ్రేట్ నీరు మరింత తొందరగా మళ్లీ గడ్డకట్టి, ఏర్పడే సమయాల అంకెలు తప్పుతాయి.

కొత్త సిలిండర్‌తో తీసిన డేటాని పారేయొద్దు. అందులో కరిగే బిందువులు 1 శాతం ప్రొపేన్ మిశ్రమానికి చెల్లుతాయి, ఎస్-2 అని రాసి విడిగా ఉంచండి. ఏర్పడే రేట్లు మాత్రం వాయువు సంఘటనం తెలియకుండా తీసినవి కాబట్టి వాడకండి. సిలిండర్ సర్టిఫికెట్‌లోని ఈథేన్ అంకె కూడా ఒకసారి చూడండి. ప్రొపేన్ లేకపోయినా, 1 శాతానికి పైన ఈథేన్ ఉంటే ఆ సిలిండర్ కూడా ఎస్-2 వైపే తీసుకెళ్తుంది.